కొవ్వు కబురు

కెనడా తూర్పు తీరాన ఫండీ అఖాతం ఉంది. ఆటుపోట్ల తేడా ప్రపంచంలో అత్యధికంగా ఉండే చోటు అది. అఖాతం కొసకు పోయేసరికి పోటు నీటికీ ఆటు నీటికీ మధ్య ఎత్తు 16 మీటర్ల దాకా ఉంటుంది. రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి నేలను కప్పేస్తుంది, రెండుసార్లు వదిలేసి పోతుంది. అది పోయినప్పుడు కిలోమీటర్ల కొద్దీ ఎర్రటి బురద బయటపడి ఎండకు తళతళలాడుతుంది. దూరం నుంచి చూస్తే ఏమీ లేని చోటు. మోకాళ్ళ మీద వంగి చూస్తే బురదంతా సన్నటి బెజ్జాలు, చదరపు మీటరుకు వేల కొద్దీ.

ప్రతి బెజ్జం కిందా వంపు తిరిగిన గొట్టం. అందులో నిండా సెంటీమీటరు కూడా లేని జీవి ఒకటి. కోరోఫియం దాని శాస్త్రీయ నామం. అక్కడివాళ్ళు బురద రొయ్య అంటారు, మన చెరువు రొయ్యకు ఏదో దూరపు చుట్టరికం. తల ముందు ఒంటి పొడవుతో పోటీపడే లావు మీసాలు రెండు. బురద మీద పేరుకున్న గోధుమరంగు పాచిని ఆ మీసాలతో గీక్కుని గొట్టంలోకి లాక్కుంటుంది. ఆ పాచి అంతా డయాటమ్‌లు, కంటికి ఆనని ఏకకణ జీవులు. ఎండను తాగి ఒమేగా-3 కొవ్వులు తయారుచేయడంలో వాటిది అందెవేసిన చెయ్యి. రొయ్య పాచిని తిని ఆ కొవ్వును ఒంట్లో పెట్టుకుంటుంది.

జూలై చివర్లో ఆ రొయ్యల కోసం ఆకాశం నుంచి గుంపులు దిగుతాయి. సెమీపాల్మేటెడ్ శాండ్‌పైపర్ అనే చిన్న ఉల్లంకి పిట్ట. శాస్త్రీయ నామం కాలిడ్రిస్ పుసిల్లా. శీతాకాలంలో సైబీరియా వైపు నుంచి మన పులికాట్‌కూ కోరంగి బురద మేటలకూ వచ్చే చిన్న ఉల్లంకులు కూడా ఈ కాలిడ్రిస్ ప్రజాతివే. కెనడా పిట్ట ఆర్కిటిక్ టండ్రాలో పిల్లల్ని లేపి, దక్షిణ అమెరికా పోతూ దారిలో ఫండీ దగ్గర ఆగుతుంది. దిగేటప్పుడు దాని బరువు సుమారు 20 గ్రాములు. ఆటు వేళల్లో బురద మీద పరుగులు పెడుతూ ముక్కుతో పొడిచి పొడిచి తింటుంది. పోటు వచ్చినప్పుడు ఒడ్డున రాళ్ళ మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడుతుంది. భైరి డేగ నీడ పడితే వేల పిట్టలు ఒక్కసారిగా లేచి, ఒకే వంపు తిరిగి, తెల్లటి పొట్టలూ మట్టిరంగు వీపులూ మార్చి మార్చి చూపిస్తూ మళ్ళీ వాలతాయి. రెండు వారాలు గడిచేసరికి బరువు 40 గ్రాములు. పెరిగినదాంట్లో చాలా భాగం కొవ్వే.

ఆ తరవాత ఒక సాయంత్రం లేస్తుంది. ముందు అట్లాంటిక్ మహాసముద్రం తప్ప మరేమీ లేదు. సురినామ్ తీరం చేరేదాకా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా, దాదాపు మూడు రోజులు, తిండి లేదు, నీళ్ళు లేవు, రెక్క దించే చోటు లేదు. దాహానికి కూడా కొవ్వే దిక్కు. కొవ్వు మండితే నీరు పుడుతుంది.

ఇంతవరకు చెప్పింది వలస పిట్టల గురించి రాసే ప్రతివాళ్ళూ చెప్పేదే. పిట్ట దాచుకున్న కొవ్వును ఇంధనంగా లెక్కగట్టి, ఇన్ని గ్రాములకు ఇన్ని కిలోమీటర్లు అని తేల్చేసి ముగిస్తారు. ఆ లెక్క తప్పేమీ కాదు. ఒట్టావా విశ్వవిద్యాలయంలో ఝాన్ మిషెల్ వెబర్ బృందం మాత్రం అక్కడితో ఆగలేదు. బురద రొయ్యలోని ఒమేగా-3 కొవ్వులు ఇంధనంగా మండడమే కాకుండా పిట్ట కండరాలకు ఏదైనా చెబుతున్నాయా అని అడిగింది. వలస పిట్టను ప్రయోగశాలలో పెట్టి ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడం కష్టం. ఎగరడం వల్ల వచ్చిన మార్పేదో, తిండి వల్ల వచ్చిన మార్పేదో విడదీయలేం. అందుకని వాళ్ళు ఎగరడమంటే బద్ధకించే పక్షిని తెచ్చుకున్నారు. కౌజు పిట్ట. పంజరంలో కూర్చోబెట్టి కొన్ని వారాలపాటు ఒమేగా-3 నూనెలు తినిపించారు. పిట్ట కదల్లేదు, ఎగరలేదు. అయినా దాని రొమ్ము కండరంలో కొవ్వును మండించే ఎంజైములు కసరత్తు చేసిన పక్షిలో పెరిగినట్టు పెరిగాయి. వెబర్ బృందం దీన్ని సహజమైన డోపింగ్ అంది. 2009లో వచ్చిన ఆ పరిశోధనా పత్రం శీర్షికలోనే ఒక గ్రాహకం పేరు ఉంది. పీపార్.

ఈ వ్యాసం ఆ గ్రాహకం గురించే. పూర్తి పేరు పలకడానికి దమ్ము కావాలి: పెరాక్సిసోమ్ ప్రొలిఫరేటర్ యాక్టివేటెడ్ రిసెప్టర్. ఇలాంటి పేరు ఎందుకొచ్చిందో తెలియాలంటే పిట్టల్ని వదిలి ఎలుకల కాలేయాల దగ్గరికి రావాలి. ఆ దారిలో హైదరాబాదు కూడా తగులుతుంది.

1960ల్లో రక్తంలో కొవ్వు తగ్గించడానికి క్లోఫైబ్రేట్ అనే మందు వచ్చింది. అది మింగిన ఎలుకల కాలేయం ఉబ్బిపోయింది. 1965లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే కాలేయ కణాల్లో పెరాక్సిసోములనే గుండ్రటి సంచులు ఎక్కడ చూసినా అవే అన్నట్టు నిండిపోయి ఉన్నాయి. కొన్ని రకాల కొవ్వుల్ని విరగ్గొట్టే సంచులవి. మందుకీ ఈ సంచుల సంతకీ ఏమిటి సంబంధం? ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో పాథాలజిస్టుగా స్థిరపడిన జనార్దన్ రెడ్డి ఈ ప్రశ్న పట్టుకుని దశాబ్దాలు వదల్లేదు. చికాగో దగ్గర నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఆయన ప్రయోగశాల. రూపంలో ఒకదానికొకటి పోలిక లేని రసాయనాలు కాలేయంలో ఒకే రకం మార్పు తెస్తున్నాయంటే వాటన్నిటినీ పట్టుకునే ప్రోటీన్ ఏదో కణం లోపల ఉండి తీరాలన్నది ఆయన వాదన. 1983లో ఆయన బృందం ఎలుక కాలేయంలో అలాంటి ప్రోటీన్ జాడ ఉందని ప్రకటించింది. ఏడేళ్ళ తరవాత, 1990లో, ఇంగ్లండులో ఇసబెల్ ఇసెమాన్, స్టీఫెన్ గ్రీన్ ఎలుక నుంచి గ్రాహకం జన్యువునే వేరుచేసి చూపించారు. పేరు అప్పుడే పడింది. మనుషుల కాలేయంలో ఆ మందులు పెరాక్సిసోముల్ని అలా పెంచవు. అంటే మనకు అంతగా అతకని లక్షణం పేరునే మన గ్రాహకానికి కూడా తగిలించారన్నమాట. శాస్త్రంలో పేరు ఒకసారి పడితే ఇక తుడిచేవాళ్ళుండరు.

1992లో ఆఫ్రికా గోళ్ళ కప్పలో ఇలాంటివి మూడు గ్రాహకాలు దొరికాయి. ఆల్ఫా, బీటా, గామా. స్విట్జర్లాండులోని లోజాన్‌లో వాల్టర్ వాలీ, జర్మనీలో క్రిస్టీన్ డ్రేయర్ కలిసి చేసిన పని అది. కప్పలో, కోడిలో, ఎలుకలో, మనిషిలో ఈ ముగ్గురు తోబుట్టువులూ ఉన్నారు. బీటాను కొందరు డెల్టా అంటారు. రెండూ ఒకటే.

గ్రాహకం అనగానే కణం పైపొర మీద కూర్చుని బయటినుంచి వచ్చే హార్మోనును అందుకునేది అనుకుంటాం. ఇన్సులిన్ గ్రాహకం అలాంటిదే. పీపార్ అలా కాదు. అది కేంద్రకం లోపల, డీఎన్‌ఏ మీదే ఉంటుంది. జింకు పరమాణువుల్ని పొదువుకున్న రెండు వేళ్ళు దానికి ఉంటాయి. వాటితో డీఎన్‌ఏ గాడిలోకి చొరబడి ఏ, జీ, జీ, టీ, సీ, ఏ అన్న ఆరక్షరాల మాట కోసం తడుముతుంది. ఆ మాట ఒక్కసారి కనిపిస్తే చాలదు. ఒక్క అక్షరం ఎడంతో రెండోసారి కూడా రావాలి. ఎందుకంటే పీపార్ ఒంటరిగా పనిచేయదు. ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జంట కట్టి, చెరో మాట మీదా కూర్చుంటుంది. ఆ జంటగాడు విటమిన్ ఏ కుటుంబానికి చెందిన ఆమ్లాన్ని పట్టుకోగలడు. అంటే ఒకవైపు కొవ్వు ఆమ్లం, మరోవైపు విటమిన్ ఏ బిడ్డ. నిన్న మనం తిన్న చేపా, మొన్నటి మునగాకూ ఆఖరికి చేరేది ఇంత లోపలికా అనిపిస్తుంది.

1998లో గామా గ్రాహకం ఆకారాన్ని స్ఫటికాల ద్వారా చూశారు. దాని నడుమ ఒక బోలు ఉంది. కొవ్వు ఆమ్లం కూర్చునే చోటు. ఈస్ట్రోజెన్ గ్రాహకంలోని బోలుతో పోలిస్తే దాదాపు మూడింతలు పెద్దది. మిగతా హార్మోన్ గ్రాహకాలు ఒకే ఒక్క అణువు కోసం కొలిచి కుట్టినట్టుంటాయి. ఇది మాత్రం వదులుగా ఉంటుంది. రకరకాల కొవ్వు ఆమ్లాలు, ఆక్సిజన్ తగిలి మారిన కొవ్వులు, వాపు సమయంలో పుట్టే అణువులు, ఎవరొచ్చినా చోటిస్తుంది. అయితే ఎవరినీ గట్టిగా పట్టుకోదు. కొవ్వు ఆమ్లం కాసేపు ఉండి జారిపోతుంది, ఇంకొకటి వస్తుంది. అది కూర్చున్నంతసేపూ గ్రాహకం కొసనున్న చిన్న మెలిక లోపలికి మడతపడుతుంది. అంతవరకు జన్యువును నొక్కిపెట్టిన ప్రోటీన్లు తప్పుకుంటాయి. జన్యువును చదివించే ప్రోటీన్లు వచ్చి ఆ మెలిక పక్కన చేరతాయి. మొత్తం వ్యవహారం ఇంతే. ఈ చిన్న మడత మీద ఒక ఒంటి ఆకలీ నిండుదనమూ ఆధారపడి ఉన్నాయి.

ఆల్ఫా ఎక్కువగా కాలేయంలో ఉంటుంది. తిండి దొరకని వేళల మనిషి అది. ఏకాదశి ఉపవాసమున్నవాళ్ళ ఒంట్లో రాత్రి పొద్దుపోయాక కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు విడుదలై కాలేయం చేరతాయి. కాలేయం వాటిని విరిచి కీటోన్లుగా మార్చి మెదడుకు పంపుతుంది. ఈ పనికి కావలసిన ఎంజైములను పుట్టించే జన్యువుల మీద ఆల్ఫాకు అజమాయిషీ ఉంది. 1999లో వాలీ బృందం ఆల్ఫా లేని ఎలుకల్ని పస్తుపెట్టి చూసింది. మామూలు ఎలుకలు తట్టుకున్నాయి. ఆల్ఫా లేనివాటికి రక్తంలో చక్కెర పడిపోయింది, ఒళ్ళు చల్లబడింది, కాలేయం కొవ్వుతో నిండిపోయింది. కొవ్వు చేరింది, కానీ దాన్ని ఏం చేసుకోవాలో కాలేయానికి చెప్పేవాళ్ళు లేకపోయారు.

డెల్టా కండరంలో కొవ్వును మండించే పని చూస్తుంది. 2004లో అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో రోనాల్డ్ ఎవాన్స్ బృందం డెల్టాను ఎప్పుడూ మేల్కొని ఉండేలా చేస్తే ఎలుకలు మామూలు వాటికన్నా చాలా దూరం పరుగెత్తాయి. పత్రికలు వాటికి మారథాన్ ఎలుకలని పేరు పెట్టాయి. డెల్టాను లేపే జీడబ్ల్యూ 501516 అనే రసాయనం అప్పటికే ఉంది. మందుగా అది గట్టెక్కలేదు. ప్రయోగ జంతువుల్లో కణుతులు కనిపించి ఆగిపోయింది. ఆటగాళ్ళు మాత్రం దొంగచాటుగా వాడుతూనే వచ్చారు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ దాన్ని నిషేధించింది కూడా. పిట్ట రెండు వారాల్లో బురదలో ఏరుకున్నదాన్ని మనుషులు సీసాలో కొనుక్కోవాలనుకుంటే ఎదురయ్యేవి ఇవి.

ఇక గామా. నన్నడిగితే ముగ్గురిలోనూ చిత్రమైనది ఇదే. 1994లో హార్వర్డ్‌లో బ్రూస్ స్పీగెల్‌మన్, పీటర్ టొంటొనోజ్ చేసిన ప్రయోగం చూడండి. చర్మం కింద దారాల్లా సాగే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు తీసుకుని వాటిలో గామా జన్యువును పెట్టి, తగిన అణువులు అందించారు. సాగి ఉన్న కణాలు గుండ్రబడ్డాయి. లోపల సన్నటి నూనె బొట్లు పుట్టాయి, ఒకదాంట్లో ఒకటి కలిశాయి, కణమంతా నిండాయి. ఒక్క గ్రాహకం చాలు, కణం కొవ్వు కణం అయిపోయింది. గామా కొవ్వు కణానికి తల్లి.

కొవ్వును మనం తిట్టుకుంటాం. ఆ తిట్టులో కాస్త అన్యాయం ఉంది. ఊళ్ళో ధాన్యం గాదె నిండితే ఏమవుతుంది? మిగిలిన ధాన్యం వాకిట్లో, పంచలో, వంటింట్లో పోయాల్సి వస్తుంది. అక్కడ తడుస్తుంది, ముక్కిపోతుంది, పందికొక్కులు దిగుతాయి. తప్పు ధాన్యానిది కాదు, గాదె చాలకపోవడానిది. చర్మం కింది కొవ్వు కణాలు గాదెలు. గామా కొత్త గాదెలు కట్టిస్తుంది, ఉన్నవాటిని పెద్దవి చేస్తుంది. అవి చాలనప్పుడు కొవ్వు కాలేయంలో, కండరంలో, పొట్ట లోపలి అవయవాల చుట్టూ చేరుతుంది. అక్కడ ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తుంది.

ఇది కేవలం ఊహ కాదని 1999లో తేలింది. కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఓరాహిలీ, కృష్ణ చటర్జీ బృందం గామా జన్యువు చెడిన కొద్దిమంది మనుషుల గురించి రాసింది. వాళ్ళకు చిన్న వయసులోనే తీవ్రమైన మధుమేహం, రక్తపోటు. స్థూలకాయులు కారు. తరవాత తెలిసిందేమంటే వాళ్ళ కాళ్ళమీదా పిరుదులమీదా ఉండాల్సిన కొవ్వు తక్కువ. కొవ్వు లేక జబ్బు పడ్డ మనుషులు. మధుమేహం అనగానే లావును నిందించే అలవాటుకు ఈ కొద్దిమందీ ఎదురు సాక్ష్యం.

మన దేశపు వైద్యులకు ఈ సంగతి మరోవైపు నుంచి తెలుసు. పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ ఇద్దరు వైద్యులు, స్నేహితులు. ఇద్దరికీ బీఎంఐ 22.3. ఇద్దరూ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటోను 2004లో లాన్సెట్ పత్రిక వేసింది. చూడ్డానికి ఒకేలాంటి సన్నటి మనుషులు. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా ఉన్న మనిషి లోపల లావుగా ఉండొచ్చన్నది అంత తేలిగ్గా చెప్పిన బొమ్మ మరొకటి నేను చూడలేదు. మన దగ్గర షుగరు సన్నటివాళ్ళకు కూడా ఎందుకొస్తుందన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా కొవ్వు ఎంత ఉందని కాక ఎక్కడ ఉందని అడగాల్సి వస్తుంది.

కొవ్వు చోటు తప్పినప్పుడు రక్షక కణాలు రంగంలోకి దిగుతాయి. 1993లో గోఖాన్ హొతామిస్లిగిల్, స్పీగెల్‌మన్ లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే వాపు రసాయనం పుడుతోందని చూపేదాకా కొవ్వుకూ వాపు ప్రక్రియకూ చుట్టరికం ఉందని ఎవరూ పెద్దగా తలచలేదు. పదేళ్ళకు, 2003లో, ఆ కొవ్వులో మ్యాక్రోఫేజులు గుంపులుగా చేరుతున్నాయని రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. మ్యాక్రోఫేజులంటే సూక్ష్మజీవుల్నీ చచ్చిన కణాల్నీ మింగి శుభ్రం చేసే పెద్ద తెల్లకణాలు. మైక్రోస్కోపు కింద ఈ దృశ్యం చూడదగ్గది. ఆరోగ్యంగా ఉన్న కొవ్వు కణాలు ఒకదానికొకటి ఆనుకుని పలచటి గోడలతో, ఖాళీ గదుల్లా కనిపిస్తాయి. వాటి మధ్య ఒకచోట పగిలిపోయిన కణం. దాన్లోంచి నూనె కారుతోంది. దాని చుట్టూ ఊదారంగు కేంద్రకాలు మెరుస్తూ మ్యాక్రోఫేజులు వలయంగా చేరి ఆ నూనె బొట్టును కొంచెం కొంచెం మింగుతుంటాయి. పరిశోధకులు దీన్ని కిరీటం అన్నారు. లావెక్కిన ఒంటి కొవ్వులో ఉన్న మ్యాక్రోఫేజుల్లో 90 శాతానికి పైగా ఇలా చచ్చిన కణాల చుట్టూనే ఉన్నాయని 2005లో లెక్క తేలింది.

ఆ మ్యాక్రోఫేజు లోపల కూడా గామా ఉంది. 1998లో ఈ సంగతి బయటపడ్డప్పుడు కొవ్వు గురించి పనిచేసేవాళ్ళూ రోగనిరోధక శక్తి గురించి పనిచేసేవాళ్ళూ ఒకరి పత్రికలు ఒకరు చదవక తప్పలేదు. నూనె మింగిన మ్యాక్రోఫేజులో కొవ్వు ఆమ్లాలు గామాను చేరతాయి. అక్కడ గామా చేసే పని రెండు రకాలు. కొన్ని జన్యువుల్ని తెరిచి మింగిన కొవ్వును సర్దుబాటు చేయిస్తుంది. మరికొన్ని జన్యువుల దగ్గర అసలు డీఎన్‌ఏను తాకకుండానే, వాపు రసాయనాల్ని పుట్టించే జన్యువుల్ని నొక్కి ఉంచిన ప్రోటీన్లు అక్కడి నుంచి కదలకుండా చూస్తుంది. క్రిస్టఫర్ గ్లాస్ బృందం 2005లో ఈ రెండో దారి వివరాలు వెలికితీసింది. రెండేళ్ళకు, మ్యాక్రోఫేజుల్లో మాత్రమే గామాను తీసేసిన ఎలుకల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని అజయ్ చావ్లా బృందం చూపింది. కొవ్వు కణంలో గామా అలాగే ఉంది. రక్షక కణంలో లేదు. అంతమాత్రానికే జీవక్రియ కుంటుపడింది.

ఆల్ఫాకు కూడా ఈ విద్య తెలుసు, అదీ ఇంకా ముందే తేలింది. వాపు సమయంలో తెల్లకణాలు ల్యూకోట్రైన్ బీ4 అనే అణువును వదులుతాయి. ఇంకా తెల్లకణాలను రమ్మని పిలిచే అణువు అది. అది కూడా ఒకరకం కొవ్వే. 1996లో వాలీ బృందం చూసింది ఏమంటే, ఆ అణువు వెళ్ళి ఆల్ఫా బోల్లో కూర్చుంటుంది. ఆల్ఫా వెంటనే కొవ్వును విరగ్గొట్టే ఎంజైముల్ని పుట్టిస్తుంది. ఆ ఎంజైములు తమను లేపిన అణువునే విరగ్గొడతాయి. పిలిచిన గొంతు తన పిలుపుతోనే ఆగిపోతుంది. ఎలుకల చెవులకు ఈ పదార్థాన్ని రాసి చెవి మందాన్ని కొలిచారు. మామూలు ఎలుక చెవి వాచి, తరవాత మామూలైంది. ఆల్ఫా లేని ఎలుక చెవి ఇంకా ఎక్కువసేపు వాచే ఉంది. చెవి వాపు తగ్గడానికి కాలేయానికి చెందినదనుకున్న కొవ్వు గ్రాహకం కావాల్సి వచ్చింది!

ఇంత తెలిశాక మందుల కంపెనీలు ఊరుకుంటాయా? నిజానికి కథ తిరగబడి నడిచింది. గ్లిటజోన్లు అనే మధుమేహ మందులు ముందు పుట్టాయి, అవి గామాను పట్టుకుంటాయని తరవాత, 1995లో, తెలిసింది. ట్రోగ్లిటజోన్ 1997లో అమెరికాలో అమ్మకానికి వచ్చి, కాలేయాలు దెబ్బతిన్నందుకు 2000లో వెనక్కి పోయింది. రోసిగ్లిటజోన్‌ను గుండె జబ్బుల అనుమానంతో 2010లో యూరప్ ఆపేసింది, మన దేశంలో కూడా నిషేధించారు. పయోగ్లిటజోన్‌ను 2013 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ నిలిపివేసి, దాదాపు నెలన్నరలో వెనక్కి తగ్గి, పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో అనుమతించింది. ఇప్పటికీ మన ఊళ్ళలో చాలామంది బీరువాల్లో ఆ బిళ్ళలు ఉంటాయి. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ పరిశోధన విభాగం కూడా ఈ దారి పట్టింది. అక్కడ తయారైన బాలాగ్లిటజోన్‌ను 1997లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ లైసెన్సుకు తీసుకుంది. ఆల్ఫా, గామా రెండింటినీ లేపే రాగాగ్లిటజార్ కూడా అలాగే వెళ్ళింది. ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనబడడంతో 2002లో రాగాగ్లిటజార్ పరీక్షలు ఆగిపోయాయి.  అహ్మదాబాదు కంపెనీ జైడస్ తయారుచేసిన సరోగ్లిటజార్‌కు మాత్రం 2013లో మన దేశంలో అనుమతి దొరికింది.

గ్లిటజోన్ మింగితే చక్కెర తగ్గుతుంది, బరువు పెరుగుతుంది. డాక్టర్లకే ఇది మొదట్లో మింగుడు పడలేదు. గామా కొత్త కొవ్వు కణాలను కట్టిస్తోంది, కాలేయంలో చేరిన కొవ్వు చర్మం కిందికి వస్తోంది, ఇన్సులిన్ మాట మళ్ళీ చెల్లుతోంది. అంతవరకు బాగానే ఉంది. కానీ అదే గామా మూత్రపిండాల్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, కాళ్ళు వాస్తాయి. ఎముక మూలుగులోని మూలకణాలు ఎముకగానో కొవ్వుగానో మారాల్సి ఉంటే వాటిని కొవ్వువైపు తోస్తుంది. ఎముకలు పెళుసవుతాయి. ఎక్కడెక్కడో వేర్వేరు పనులు చేసుకుంటున్న ఒక గ్రాహకాన్ని అన్నిచోట్లా ఒకేసారి, ఒకే గట్టిపట్టుతో, రాత్రింబవళ్ళు మేల్కొలిపి ఉంచితే ఇంకేమవుతుంది? రోసిగ్లిటజోన్ గామాను పట్టుకోవడానికి ఎంత సాంద్రత కావాలో, ఒంట్లోని కొవ్వు ఆమ్లాలకు దానికి ఎన్నో రెట్లు కావాలి. ఆ బలహీనతను లోపమని చాలాకాలం అనుకున్నారు. నా మటుకు నాకు అందులోనే పీపార్ తెలివి ఉందనిపిస్తుంది. కొవ్వు ఆమ్లం వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, జారుకుంటుంది. తిన్న పూట ఒక కబురు, పస్తున్న పూట ఇంకో కబురు. ప్రతి అవయవం తన దగ్గరున్న కొవ్వును బట్టి తన కబురు తనే వింటుంది.

పెద్దపేగులో ఇది ఎలా జరుగుతుందో 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం నుంచి మరియానా బైండ్లాస్, ఆండ్రియాస్ బాయిమ్లర్ రాశారు. మనం తిన్న రాగి సంగటిలో, పప్పుల్లో, ఆకుకూరల్లో జీర్ణం కాని పీచు పెద్దపేగు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం తయారుచేస్తాయి. నాలుగే కార్బన్లు, వెన్న ముక్కిపోయినప్పుడు వచ్చే వాసన దానిదే. పేగు లోపలి గోడ ఒకే ఒక్క కణం మందం. ఆ కణాలు బ్యూటిరేట్‌ను గామాకు చేరవేస్తాయి, గామా వాటిచేత బ్యూటిరేట్‌నే మండింపజేస్తుంది. మండాలంటే ఆక్సిజన్ కావాలి. రక్తం నుంచి వచ్చే ఆక్సిజన్‌ను ఆ ఒక్క వరస కణాలే వాడేసుకుంటాయి. పేగు మధ్యకు అది చేరదు. ఆక్సిజన్ గిట్టని మంచి బ్యాక్టీరియా అక్కడ సుఖంగా బతుకుతాయి, మళ్ళీ బ్యూటిరేట్ తయారుచేస్తాయి.

ఎలుకలకు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి ఆ బ్యాక్టీరియాను తుడిచేస్తే బ్యూటిరేట్ తగ్గింది. గామాకు కబురు అందలేదు. పేగు కణాలు కొవ్వు మానేసి చక్కెర వాడడం మొదలుపెట్టాయి, ఆక్సిజన్ మిగిలి లోపలికి కారింది, దానితోపాటు వాపు సమయంలో పుట్టే నైట్రేట్ కూడా. ఈ రెండింటినీ పీల్చుకుని బతకగల ఈ.కోలి, సాల్మొనెల్లా వంటివి రోజుల్లో పెచ్చరిల్లాయి. బ్యూటిరేట్‌ను బయటినుంచి అందిస్తే పేగు గోడ తిరిగి ఆక్సిజన్ వాడడం మొదలుపెట్టింది. యాంటీబయాటిక్ కోర్సు తరవాత పొట్ట చెడిపోయి అవస్థపడేవాళ్ళ పేగు గోడలో ఆ ఒక్క వరస కణాలు అప్పుడు ఏ కొవ్వు కోసం ఎదురుచూస్తున్నాయో, దాన్ని తయారుచేసే బ్యాక్టీరియా మళ్ళీ స్థిరపడడానికి వారాలు పట్టొచ్చు.